రేపు మైకులో చెప్పాల్సిన మాటలు

అట్ల ఆపి ఆపి చెప్పిస్తే యాడొస్తాది సార్ నాకు? "గట్టిగా, ఇంకా గట్టిగా" అంటాండారు, నోట్లో ఉండే మాట గూడా కడుపులోకి జారిపోతాంది. మళ్ళీ మొదుటి నుంచి చెప్తా, వినండి. ఉత్తమ ఉపాధ్యాయునికి అన్నిటికంటే ముందు ఉండాల్సింది ఓర్పు. మా గోపికృష్ణ సార్‌కి భూమాతకున్నంత ఓర్పు ఉండాది.

చూడండి, వచ్చింది గదా. మీరు ఊరికే వాచీ చూసుకోకుంటే తరువాతది గూడా వస్తాది.

రెండోది ప్రేమ. మూడోది నవ్వు మొగమా, కొత్త టెక్నాలజీయా? నవ్వు మొగమే? సరే. నాకు ఆ వరస నిలవదు సార్. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి పారిపోతాది.

లేచి నిలబడి చెప్పల్లా? రేపు నిలబడతాలే. ఈ పొద్దు కూచోనే చెప్తా, ఏమీ అనుకోవద్దండి. పొద్దున్నించి సోలారు పానెళ్ళ కింద గడ్డి కోసి నడుము పట్టేసింది. తల ఎత్తితే పానెలు తగుల్తాది, దినమంతా వంగోనే ఉండల్ల. మీరు కాఫీ తాగండి. బెల్లం కాఫీ, చక్కెర లేదు.

ఏమంటిరి? సిగ్గు పడొద్దా? ఇంట్లో మాట్లాడుకున్నట్లు, నోటికి వచ్చింది వచ్చినట్లు మాట్లాడి అలవాటు చేసుకోవల్లా? ఎంతసేపైనా మీరు కూచోని వింటారా?

సరే సార్. ఆ మాట మీరే అన్నారు.

నా మాదిరి దాన్ని ఇస్కూలు కమిటీకి అధ్యక్షురాలు ఎందుకు చేసినారో నాకు తెల్సు. ఆ కుర్చీ ఈ తూరి ఆడోళ్ళకి వచ్చింది. నోరుండేదాన్ని పెడితే ప్రశ్నలు అడుగుతాది. ఈ కెంచమ్మయితే తలుపెనక నిలబడుకుంటాది, పిలిస్తే వచ్చి చెప్పిన చోట సంతకం పెడతాది, పోతాది. మీ మీటింగుల్లో నేను మాట్లాడింది గుర్తుండాదా మీకు? ఒగసారి మాట్లాడినాలే. కొంగు ఎగురుతాది, ఫ్యాను ఆపండి అన్నా.

అట్లాటిదాన్ని తీసుకోనిపోయి మైకు ముందర నిలబెడతామంటారు. సోలారు కంపెనీవాళ్ళు మీకు ఉత్తమ టీచరు ప్రశస్తి, అదే అవార్డు, ఇస్తారంట, శాలువా కప్పుతారంట. ఇస్కూలు ముందర శామియానా దించినారు, చూసినా. ఎర్ర కుర్చీలు గూడా వచ్చినాయి. బాగుండాది.

గుణాల సంగతి పక్కన పెడదాం సార్. ఆఖర్న చెప్పమన్నారే, అది ముందు చెప్తా. మీకు కావాల్సింది గూడా అదే గదా.

"నేను చదువు లేనిదాన్ని. నా బిడ్డ వినుతను బడికి పంపకుండా నేనే గొర్రెల వెంట తోలినా. సార్ ఎన్నో తూర్లు మా ఇంటికొచ్చి బతిమాలినాడు. బిడ్డ తెలీక మేడమ్ కాడ అబద్ధం చెప్పింది. సార్ మా కండ్లు తెరిపించినాడు."

సరిగుండాదా?

ఇది మా ఇంటాయనకు గూడా చెప్పినారంట, ఆయన సరే అన్నాడంట. రంగనాథ ఒప్పుకున్నాడు అని మీరు గెలిచినట్లు చెప్తాండారు. ఆయన దేనికి సరే అనలేదు సార్? ఆయనతో సరే అనిపించేకి ఒక బీడీ చాలు.

ఎన్నో తూర్లు వచ్చి బతిమాలినారా మీరు? ఈ గడప తొక్కింది ఇదే మొదుటి తూరి గదా. ఇందాక మా కుక్క మిమ్మల్ని చూసి ఎట్ల అరిచె? దినమూ వచ్చే మనిషినైతే అరస్తాదా అది? దినమూ పాలు పోసే ఆయప్పను చూస్తే లేచేది గూడా లేదు.

పోనీలెండి. ఆ పొద్దు జరిగింది నాకు తెలిసినట్లు చెప్తా, తప్పుంటే మీరే దిద్దండి. దిద్దేది మీ పనే గదా.

మన ఇస్కూలుకి ఆ పెద్ద టీవీ వచ్చిన దినం. స్మార్ట్ క్లాసు అంటిరే, అది. కంపెనీ మేడమ్ వస్తాది, పిల్లలతో చదివించి చూస్తాది అని మీకు ముందే తెల్సింది. ఎవరొచ్చినా మీరు యశ్‌నే లేపుతారు, వాడు ఆ పద్యమే చదువుతాడు, చప్పట్లు కొడతారు. వాడు మీరు చెప్పకున్నా చదువుతాడులెండి, వాళ్ళక్క కాలేజీలో ఉండాది. ఈ మేడమ్ మాత్రం తనకు ఇష్టమొచ్చిన పిల్లోళ్ళను లేపుతాదంట. అప్పుడేం చేయల్ల? నాలుగో క్లాసులో చదవడం రానివాళ్ళు నలుగురు. మా వినుత, ఇంకో ముగ్గురు.

కడుపునొప్పి అని ఇంటికి పంపింటే సరిపోయేది. మీరు మారక్కను పిలిపించినారు. రేపు నీ గొర్రెల వెంట వీళ్ళను గూడా పిలుచుకోని పో, సాయంత్రం దంక ఊర్లోకి తేవద్దు అని చెప్పినారు. మారక్క నాతో చెప్పింది. ఆ ముసిలామె అబద్ధం ఎందుకు చెప్తాది? ఆమెకేమన్నా శాలువా కప్పుతారా?

అది గూడా పోనీ అనుకుంటా సార్. పిల్లలకి ఏమని చెప్పినారు మీరు?

మీకు చదవడం రాదు, రేపు రావద్దండి అని చెప్పింటే ఏడ్చేవాళ్ళు. ఇంటికొచ్చి మాకు చెప్పేవాళ్ళు. మీకు తెలివుండాది. ఆ నలుగురినే వరండాలోకి పిలిచి, రేపు మీకు స్పెషల్ డ్యూటీ, ఇది అందరికీ ఇచ్చే పని కాదు, పానెళ్ళ కాడ గొర్రెలు వైర్లు కొరక్కుండా చూసుకోవల్ల అని చెప్పినారు. వినుతను లీడరు చేసినారు.

నా బిడ్డను ఇస్కూల్లో ఒకరు లీడరు అనింది అదే మొదలు.

పొద్దున్నే లేచి నీళ్ళు పోసుకునింది. కొత్త రిబ్బను కట్టమనింది. నేను ఇస్కూల్లో ఏందో ప్రోగ్రాము అనుకోని రెండు జడలేసి కట్టి పంపినా. గొర్రెల కాడికి నా బిడ్డ రిబ్బను కట్టుకోని పోయింది సార్.

అందుకే మేడమ్ కారు క్యాతగానచెర్లు రోడ్డులో కంచె కాడ నిలిపి, ఏం పాపా, మీకు ఇస్కూలు లేదా అంటే, అది దాక్కోలేదు. ఇంటికి చుట్టమొస్తే మంచం కిందికి దూరేది అది, నా పోలికే. ఆ పొద్దు మాత్రం అందరికంటే ముందు పోయి చేతులు కట్టుకోని నిలబడి చెప్పిందంట. "మా సార్ మమ్మల్నే ఏరినాడు. మాకు చదవడం రాదు గదా, అందుకు. నేను లీడరు."

మారక్క ఆ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మీ మీద చాడీ చెప్పలేదు సార్ అది. మిమ్మల్ని పొగిడింది. రేపు నేను చెప్పబొయ్యే దానికంటే బాగా పొగిడింది. ఏ కాగితమూ చూడకుండా.

మేడమ్ ఇస్కూలుకొచ్చి అడిగితే మీరేమన్నారు? ఆ పాపకు అబద్ధాలు చెప్పేది అలవాటు, తల్లే గొర్రెలకు తోల్తాది, ఈ జనాలకు చదువంటే లెక్కలేదు మేడమ్, నేనొక్కణ్ణే ఏం చేసేది అన్నారు. వంటచేసే కదిరమ్మ గంటె పట్టుకోని అక్కడే నిలబడిండె. ఆమె చెవులు బాగా పనిచేస్తాయి.

లేస్తాండారేంది? కూచోండి సార్. ఓర్పు. మొదుటి గుణమే అది.

మీరు చెప్పిన గుణాల్లో ఒక్కటి గూడా లేని మేష్ట్రు కాడ చదివినా నేను. మా పుట్టింట్లో, అరసికెరెలో. దాసప్ప మేష్ట్రు అని.

ఓర్పు అంటే ఏందో తెలీదు ఆయనకి. నస్యం పీల్చి పీల్చి అంగీ ముందరంతా మట్టి రంగు తిరిగింటాది. మధ్యాన్నం తినింటాడు, కుర్చీలోనే గుర్రు పెడతాడు. నవ్వింది నేను చూడలేదు. టయానికి వచ్చేది గూడా లేదు, బస్సు పోతే పోయిందే. మాది కన్నడ బడి. పాఠం కన్నడంలో చెప్తాడు, కోపమొస్తే తెలుగులో తిడతాడు, మాకు బాగా అర్థం కావల్లని. ఆయనకు ఎవరూ శాలువా కప్పలేదు. కప్పింటే దాంతోనే ముక్కు తుడుచుకునేవాడు.

ఒకటే ఒకటి ఉండె ఆయన కాడ. పాఠం చెప్పినాక తెలివైన పిల్లోళ్ళు చేతులెత్తుతారు గదా, వాళ్ళ దిక్కు చూసేది లేదు. "కెంచీ, లెయ్యి. నువ్వు చెప్పు" అంటాడు.

క్లాసంతటికీ మొద్దుదాన్ని నేను. నేను చెప్పలేకపోతే పాఠం ముందరికి పోదు, అంతే. భాగహారం చెప్పిన దినాలు నాకు బాగా గుర్తుండాయి. బోర్డు మీద చెప్పినాడు, రాలేదు. చెనక్కాయలు కుప్పలు పోసి చెప్పినాడు, రాలేదు. తిట్టేది నన్ను కాదు, తన్ను తానే తిట్టుకుంటాడు, చెప్పేకి చేతకాని ముండాకొడుకును నేను అని. మళ్ళీ ఇంకో మాదిరి మొదలుపెడతాడు. మిగిలినోళ్ళు వెనక కూచోని గొణుగుతారు. ఈ కెంచిదాని వల్ల మేము గూడా ఈడనే పడిండామే అని జడ పట్టుకోని లాగుతారు.

నాకీ సిగ్గు యాడ్నుంచి వచ్చిందనుకున్నారు మీరు? కడుపులోనుంచి తెచ్చుకోలేదు. అంతమందీ ఆగిపోయి నా నోటి దిక్కు చూస్తాంటే వచ్చింది. ఆ మేష్ట్రు ఇచ్చిందే ఇది. ఆయన మంచోడని చెప్పేకి నేను ఇదంతా చెప్తాండా అనుకోవద్దండి.

బడికి పోను అని చేన్లోకి పోయి చెనక్కాయ చెట్ల కుప్ప ఎనక కూచున్నా ఒకనాడు. మేష్ట్రు ఆడికి గూడా వచ్చినాడు, ఆ నస్యం డబ్బీ పట్టుకోని. మా నాయన ఆయన చేతులు పట్టుకున్నాడు. దానికి రాదులే సామీ, దాన్ని వదిలేసి వచ్చేవాళ్ళకి చెప్పుకోండి అన్నాడు. అప్పుడు ఆయన మా నాయన మీద అరిచినాడు చూడండి.

"తెలివైనోళ్ళకి నేను చెప్పకున్నా వస్తాదప్పా. దీనికి వస్తేనే గదా నేను చెప్పింది సరిగుండాదని నాకు తెలిసేది. దీన్ని నిలిపేస్తే నేను ఎవరిని చూసి చెప్పల్ల?"

ఆ మాటలో ప్రేమ ఉండాదా? నాకైతే కనపడలేదు. ఆయనకి నేను అంగట్లో తూకం రాయి మాదిరి. అయితే సార్, రాయిని బయట పారేసి సరుకు అమ్ముకునే అంగడోడు ఉంటాడా?

కడాకు ఏం చేసినాడో తెల్సునా? మీ ఇంట్లో సంగటి ముద్దలు ఎట్ల పంచుతారే అని అడిగినాడు. అందరికీ సమంగా పెడతారు, సట్టి అడుగున మిగిలింది మా అమ్మ గీరుకోని తింటాది అన్నా. ఏమీ మిగలకుంటే అన్నాడు. మా అమ్మ నీళ్ళు తాగుతాది అన్నా. మేష్ట్రు నస్యం డబ్బీ మూసినాడు. పంచినాక మిగిలేది శేషం, మీయమ్మ తినేది, పోయి కూచో అన్నాడు.

వచ్చేసింది సార్. ఇప్పటికీ పోలేదు.

ఐదో క్లాసుతో బడి మాన్పించినారు నన్ను. మేష్ట్రు వచ్చి మా నాయనను నోటికొచ్చినట్లు తిట్టినాడు, మా నాయన వినలేదు, ఆయన బస్సుకు టయమయిందని పోయినాడు. ఆయనేమీ దేవుడు కాదు.

నా బిడ్డ బంగారమని గూడా నేను చెప్పను. మొద్దే అది. మూడక్షరాల మాట చదవమంటే, మూడోది వచ్చేలోపల మొదుటిది మర్చిపోతాది. నాకు కోపమొచ్చి రెండు ఏట్లు వేసింది గూడా ఉండాది. దాన్ని చదివించేది కష్టం, ఒప్పుకుంటా. అందుకే గదా మీరుండేది? వచ్చే పిల్లోళ్ళకి చెప్పేకి అయితే ఆ టీవీ చాలు. వేలు పెడితే ఏనుగొస్తాదంట, నక్కొస్తాదంట, పాట పాడతాదంట, మీరు కుర్చీలో కూచోని ఫోను చూసుకుంటారంట. ఆ నక్కకు తెల్సునా సార్, వినుతకు అర్థమయిందో లేదో? దానికి తెలీదు. మీకూ తెలీదు. ఇద్దరికీ టెక్నాలజీ బాగుండాది.

నవ్వు మొగం అంటిరే. ఉండాదిలెండి మీకు, నేను చూసినా. ఫోటో తీసేటప్పుడు.

ఏమంటిరి, వినపడలేదు? కాలం మారిందా? ప్రశస్తి రాకుంటే కంపెనీవాళ్ళు రెండు రూములు కట్టియ్యరా? పిల్లలు తక్కువుండారని ఇస్కూలు మూసేస్తారా? వినుత ఆటోలో రాయచెర్లు దంక పోవల్లా?

ఇది చెప్తాండేదా సార్, బెదిరిస్తాండేదా?

మూసినా మూస్తారు. నేను కాదనను. చేన్లు పానెళ్ళకిచ్చి బాడుగ తినేవాళ్ళంతా పిల్లోళ్ళను ప్రైవేటు ఇస్కూలు పసుప్పచ్చ బస్సు ఎక్కించినారు. మీ కాడ మిగిలింది బస్సు ఎక్కలేనోళ్ళే. ఆ మిగిలినోళ్ళలో గూడా నలుగురిని ఏరి బయట పెట్టినాక మీరు ఉత్తమ టీచరు అయినారు. ఇంకో నలుగురిని పంపింటే మీకు ఇంకా పెద్ద ప్రశస్తి వచ్చేదేమో.

అట్ల చూడొద్దండి నన్ను. మాట్లాడమంటిరి, మాట్లాడినా.

రేపు మాత్రం ఒక్కరు గూడా ఇంటికాడ ఉండకూడదన్నారంట. వినుతకు మంచి గౌను వేసి ముందర వరసలో కూచోబెట్టమన్నారు, మేడమ్ కంటికి కనపడేటట్లు. అంటే నేను మైకు పట్టుకుంటే అది నా ఎదురుగానే ఉంటాది.

పొద్దున్నించి గడ్డి కోస్తా అదే చూసుకుంటాండా సార్ నేను. నా బిడ్డ అబద్ధం చెప్పింది అని నేను అంటే అదేం చేస్తాది? ఏడవదు. లేచి పోదు. తల వంచుకోని గౌను అంచు నలుపుకుంటాది. అప్పుడు తెలుస్తాది దానికి, లీడరు అని ఎందుకన్నారో. ఉన్నది ఉన్నట్లు చెప్తే ఏమవుతాదో. సార్ చెప్పమంటే అమ్మ ఏం చెప్తాదో.

ఎన్ని తూర్లు చెప్పినా దానికి ఎక్కదు అంటారు గదా మీరు. ఇది ఎక్కుతాది. ఒక్క తూరికే ఎక్కుతాది. సచ్చేదంక పోదు.

కాబట్టి నేను రాను.

భయపడొద్దండి, నిజం చెప్పేకి గూడా రాను. నాకు అంత ధైర్యం యాడుండాది? ఈ మాత్రం మాట్లాడినానంటే ఈడ మీరొక్కరే ఉండారని. అంతమంది ముందర నిలబడితే నాకు మీ అబద్ధమూ రాదు, నా నిజమూ రాదు. నోరెండిపోయి నిలబడతా, మీకు, నాకు, ఇద్దరికీ మర్యాద పోతాది.

మా ఇంటాయనను పిలుచుకోని పోండి. గొంతు బాగుండాది ఆయనకు, భయం లేదు, మీరు చెప్పింది చెప్పినట్లు అంటాడు. తండ్రి చెప్తే ఇంకా బాగా నమ్ముతారు. ఆ మాట ఊర్లో ఎవరో ఒకరు వినుత చెవిలో వేస్తారులే, నాకు తెల్సు. వేయనీండి. నా నోట్లోనుంచి అయితే వినదు.

దాన్ని గూడా పంపను రేపు. జ్వరమని రాసుకోండి. కాదంటే మీకు ఏది బాగనిపిస్తే అది రాసుకోండి, మీకు నేను చెప్పల్లా?

కాఫీ తాగలేదు మీరు. తాగకుంటే పెట్టేసి పోండి, కుక్కకు పోస్తా.

ఎల్లుండి పంపుతాలే సార్ వినుతను. పంపకుండా ఏం చేసేది? రెండు జడలేసి మీ కాడికే పంపుతా. ఈ ఊరికి ఉండే మేష్ట్రు మీరే గదా.